పాపం, రాయచూరు ఎండ!

రాయచూరు జిల్లాలో పికప్ బండి వేడెక్కితే ముద్దాయిని వెతకనక్కర్లేదు, నెత్తిమీదే ఉంటాడు. సింధనూరు నుంచి వడ్ల బస్తాలతో రాయచూరు మిల్లుకు బయల్దేరిన బండి మాన్వి దగ్గర ఆవిరి కక్కిందంటే డ్రైవరు, ఓనరు, టీకొట్టు ఆయన ముగ్గురూ పైకే చూస్తారు. ఎండ తరఫున వాదించేవాడు లేడు గనక ఆ వకాల్తా నేను పుచ్చుకుంటున్నాను. రేడియేటర్ ఎంత వేడిని బయటికి నెట్టగలదన్నది లోపలి నీళ్ళకూ బయటి గాలికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. నీళ్ళు 90 డిగ్రీలున్నప్పుడు జనవరి మధ్యాహ్నం గాలి 30 అయితే తేడా 60. ఏప్రిల్ చివర గాలి 42 అయితే తేడా 48. అంటే ఎండ దోచుకున్నది అయిదో వంతే. బండి చేసినవాళ్ళు ఆ అయిదో వంతును ముందే లెక్కలో వేసుకుంటారు. పైగా అదే బండి నిరుడు అదే ఎండలో, అదే దారిన చల్లగా పోయింది కదా! లోడు ఎక్కువైందంటారా? నిజమే, ఇంజిన్ ఎంత ఈడిస్తే అంత వేడి. కానీ నిరుడు మాత్రం మనం బస్తాలు తగ్గించి ఏ ధర్మం చేశాం గనక?

అసలు ముందు నిలదీయాల్సింది సాక్షిని, అంటే డాష్‌బోర్డులోని ముల్లుని. రాత్రంతా నిలబడ్డ బండికి తెల్లారి తాళం తిప్పగానే ముల్లు ఎర్రగీతకు ఎగబాకిందంటే అది ఇంజిన్ వేడి కాదు, పచ్చి అబద్ధం. పాతరకం బళ్ళలో సెన్సరు తీగ ఒరుసుకుపోయి బాడీకి తగిలినా ముల్లు ఇలాగే గంతేస్తుంది. దీనికన్నా ప్రమాదం తీపి అబద్ధం. నీళ్ళన్నీ కారిపోతే సెన్సరు గాలిలో మిగులుతుంది, ముల్లు టక్కున కిందికి దిగుతుంది, డ్రైవరు పాట పెంచుతాడు, ఇంజిన్ పట్టేస్తుంది. అందుకే తుపాకీలాంటి థర్మామీటరుతో పైహోసు దగ్గర కొలిచి చూడాలి. కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టినది మాత్రం పనికిరాదు. దాని లోకం నలభై మూడు డిగ్రీల దగ్గరే ముగిసిపోతుంది, రాయచూరు మే నెల గాలినే అది జ్వరం అంటుంది. వర్క్‌షాపులకు అమ్మేది వేరే ఉంటుంది.

సాక్షి నిజమే చెప్తోందని తేలాక అడగాల్సింది ‘ఎంత పెరిగింది’ అని కాదు, ‘ఎప్పుడు పెరిగింది’ అని. బజారులో నెమ్మదిగా పోతుంటే ఎక్కి, రోడ్డెక్కగానే దిగితే తప్పు ఫ్యానుది, లేదా దాని బెల్టుది. వేగంలో, లోడుతో ఎక్కితే రేడియేటర్ పూడిందో, నీటి పంపు అలసిందో చూడాలి. నీళ్ళు ఎక్కడా కారకుండానే తగ్గుతూ, ఇంజిన్ నడుస్తుంటే బుడగలు పొంగుతుంటే మాత్రం హెడ్ గాస్కెట్, అంటే ఖర్చు. అయితే తుంగభద్ర ఎడమ కాలువ కింద, ఆంధ్రా నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న క్యాంపుల్లో, అంతదూరం పోకముందే దొరికే నేరస్తుడు వరిగడ్డి. కోతల కాలంలో గాలిలో తేలే పొట్టూ నూగూ జాలీలో దూరి, ఏసీ కండెన్సరుకూ రేడియేటర్‌కూ మధ్య పరుపులా పేరుకుంటాయి. ముందునుంచి నీళ్ళు కొడితే ఇంకా లోపలికి పోతాయి, ఇంజిన్ వైపు నుంచి బయటికి కొట్టాలి. ఆ జాలీకి అడ్డంగా ఓనరు పేరు బోర్డు, రెండు అదనపు హారన్లు ఉన్న బళ్ళూ తక్కువేం కాదు. గాలి ఏ దారిన పోవాలో ఆ హారన్లే చెప్పాలి.

రెండో నేరస్తుడు లోపలే ఉంటాడు. ‘నీళ్ళే కదా, బోరువి పోస్తే ఏం’ అని ఒక వాదం. బిందె అడుగున తెల్లగా కట్టే పెచ్చే రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది. బిందెను చింతపండుతో తోమొచ్చు, దీన్ని తోమేదెవరు? కూలెంటు ఖరీదు అంటారు గానీ హెడ్ పని ఖరీదు ముందు అది చిల్లర. ‘థర్మోస్టాట్ పీకి పారేద్దాం, ఎండదేశానికి అదెందుకు’ అనేది మెకానిక్కుల వాదం. పీకితే కొన్ని ఇంజిన్లలో పక్కదారి ఎప్పుడూ తెరిచే ఉండి, కొంత వేడినీరు రేడియేటర్ ముఖం చూడకుండానే తిరిగొస్తుంది. చల్లబరచబోయి వేడి పెంచే పని ఇది. మిగతా ఇంజిన్లు వేడెక్కాల్సినంత వేడెక్కక డీజిల్ తాగుతాయి.

ఇదే జిల్లాలోని శక్తినగర్ థర్మల్ కేంద్రంలో ఆవిరితో 1,720 మెగావాట్లు తీయగలరు, మనం రోడ్డు పక్కన తీసే ఆవిరితో చేతులు కాలడం తప్ప ఏమీ రాదు. మూత కింద ఒత్తిడి ఉన్నంతసేపు 110 డిగ్రీల నీళ్ళు కూడా మరగకుండా కూర్చుంటాయి, మూత తిప్పిన క్షణాన మొహం మీదికి లేస్తాయి. కాబట్టి ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లారేదాకా మూత జోలికి పోకండి. ఆలోగా ఊరికే కూర్చుని ఎండను తిట్టకుండా, బానెట్టెత్తి బెల్టు చూడండి, జాలీలో గడ్డి ఏరండి.