ఒక్క పూటలో పాతికేళ్ల పడవ

బొమ్మ పడవకి రంగు వేసేశారు. నీలం, తెలుపు, అంచున ఎర్ర గీత. బాగానే ఉంది గానీ నిన్ననే కొన్నట్టుంది, అదీ చిక్కు. రామాపురం ఒడ్డున పడి ఉన్న పడవలా ఎండకి వెలిసి, ఉప్పు తిని కనబడాలి. వేటపాలెంలో కూర్చుని రెండేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే. ఇంతవరకు ఒక్కటీ అమ్ముడుపోలేదు కాబట్టి ఈ చిట్కాలు డబ్బాశతో చెబుతున్నానని ఎవరూ అనలేరు.

ముందు సంగతి, పరీక్షలు పెట్టుకోకండి. కొందరు చాదస్తులు ప్లాస్టిక్ చెంచాకి అదే రంగు, అదే వార్నిష్ పూసి, దానిమీద వాష్ వేసి, రాత్రంతా ఆరనిచ్చి, తెల్లారాక వెలుగులో చూస్తారు. చెంచాని మెచ్చుకునేదెవరు? వాష్ అంటే బాగా పల్చన చేసిన రంగు, అంతే. నున్నటి వార్నిష్ మీదైతే బుద్ధిగా సందుల్లోకి, బోల్టుల చుట్టూ చేరుతుందట. వార్నిష్ మానేయండి. ఖర్చు తగ్గుతుంది, వాష్ దాని ఇష్టమొచ్చిన చోటికి పోతుంది.

ఎనామిల్ రంగు మీద టర్పెంటైన్ కలిపిన ఎనామిల్ వాషే వేయండి. అడుగు రంగు కూడా కరిగి లేస్తుంది. నా పడవకి మూడు రంగులూ కలిసి వంకాయ పచ్చడి రంగొచ్చింది. అడుగున అక్రిలిక్ వేసుంటే ఈ భాగ్యం తప్పిపోయేదే.

తరవాత ఉప్పు. నవ్వకండి, ఇది నిజంగా ఉన్న పద్ధతే. తుప్పు రంగు వేసి ఆరనిచ్చి, తడిపి, ఉప్పు చల్లి, పైరంగు వేస్తారు. ఆరాక ఉప్పు రాల్చేస్తే రంగు పెచ్చులూడినట్టుంటుంది. సన్న ఉప్పు వాడాలంటారు. చినగంజాం ఉప్పు కొఠార్లు ఇంత దగ్గరుండగా సన్న ఉప్పు దేనికి? కల్లుప్పే చల్లండి. 1:35 కొలత బొమ్మ మీద 3 మిల్లీమీటర్ల కల్లు, అసలు పడవ మీదైతే పదిన్నర సెంటీమీటర్ల పెచ్చు. లెక్కలు వచ్చినవాళ్లని ఇంటికి పిలవకండి.

తుప్పు పడవంతా పట్టించండి. ఇప్పటివి ఫైబర్ పడవలనీ, తుప్పు పట్టేది ఇంజనూ కొక్కేలూ బోల్టులేననీ, వాటి కిందే చారలు జారతాయనీ రామాపురం వెళ్లొచ్చిన ప్రతివాడూ చెబుతాడు. అందుకే మీరు వెళ్లకండి. తుప్పు పొడికి ఇటుక పొడి ఎందుకు, గుంటూరు మిరప్పొడి ఉండగా? తేజ రకమైతే తుమ్ములు అదనం. కిటికీ ఎండకి ఆ ఎరుపు వెలిసిపోతే మళ్లీ చల్లుకోవచ్చు. జీడిపిక్కల తొక్కలో నూనె మాత్రం ముట్టుకోకండి. చేతులు బొబ్బలెక్కుతాయి. నేను కూడా చెప్పని చిట్కా అదొక్కటే.

ఊళ్లో 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. అక్కడి పాత పత్రికల జోలికీ పోకండి. కాగితం గాలీ వెలుతురూ సోకే అంచుల్లో ముందు ముదిరి, నెమ్మదిగా లోపలికి వస్తుంది. అది ఒకసారి చూశారో, పాతదనం ఎక్కడో ఒకచోట మొదలవుతుందన్న అనుమానం పట్టుకుంటుంది. బ్రష్షు పట్టిన చెయ్యి ఆగిపోతుంది. నాకైతే వారం రోజులు పని సాగలేదు.

చివర్న కార్తీక ముసురు చూసుకుని వార్నిష్ స్ప్రే కొట్టండి. చెమ్మకి పాలిపోయి తెల్లగా మసకేస్తుంది. పొగమంచు వేరే చేసుకోనక్కర్లేదు.

నా పడవ మా వీధి కిటికీలోనే ఉంది. అదేమిటో చూసి చెప్పినవాళ్లకి పావుకిలో జీడిపప్పు. ఇప్పటిదాకా పక్కింటి పాప ఒక్కతే జవాబు చెప్పింది: మాడిన బజ్జీ.