బనీను జేబు బాబాయి

యూరప్ వెళ్లే ప్రతి తెలుగు టూరు బృందంలోనూ ఒక బాబాయి ఉంటాడు. బ్యాంకులోనో కరెంటాఫీసులోనో రిటైరయి ఉంటాడు. పిల్లలు పట్టుబట్టి పంపించి ఉంటారు. వీసా వచ్చిన రోజునుంచీ తక్కినవాళ్లు స్వెట్టర్లు కొనుక్కుంటుంటే ఈయన యూట్యూబులో దొంగతనాలు చూస్తాడు. బయల్దేరే నాటికి ప్యారిస్ గురించి ఆయనకి తెలియని నేరం ఉండదు. లూవ్ర్ మ్యూజియం అనండి, “జేబుదొంగల బాధ పడలేక 2013లో అక్కడి ఉద్యోగులే ఒక రోజు పని మానేసి మూసేశారండీ” అంటాడు. ఈఫిల్ టవర్ అంటే, “అదీ అంతే, 2015లో.” పోనీ మోనాలిసా? “1911లో ఎత్తుకుపోయారు. రెండేళ్లకి గానీ దొరకలేదు.”

మా బృందంలో బాబాయి ఊళ్లో టైలరు చేత బనీన్లకి జిప్పు జేబులు కుట్టించుకొచ్చాడు. ప్యాంటు నడుం పట్టీ లోపల ఇంకొకటి, సాక్సులో ఒకటి. పాస్‌పోర్టు మెళ్లో సంచిలో, సంచి బనీను కింద, బనీను చొక్కా కింద, చొక్కా స్వెట్టరు కింద, అన్నిటి మీదా జర్కిను. ఇవి కాక వెనక జేబులో ఒక ఉత్తుత్తి పర్సు. అందులో గడువు తీరిన ఏటీఎం కార్డు, రెండు పది రూపాయల నోట్లు, ఎందుకైనా మంచిదని ఒక వెంకటేశ్వరస్వామి బొమ్మ. “దొంగ వస్తే వాడి భాగం వాడికి ఉండాలిగా!”

శంషాబాద్ విమానాశ్రయంలోనే అందరినీ కూర్చోబెట్టి, ఫోన్లలో *#06# కొట్టించి, వచ్చిన ఐఎంఈఐ నంబర్లు ఒక చిన్న నోటుబుక్కులో రాసుకున్నాడు. సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు నవ్వాడు. బాబాయి వాడి నంబరు రెండుసార్లు సరిచూసుకుని మరీ రాసుకున్నాడు.

ప్యారిస్ మెట్రోలో ఒకటో నంబరు లైను షాంజెలీజే, లూవ్ర్, షాట్లే మీదుగా పోతుంది. ఊరు చూడ్డానికొచ్చిన ప్రతివాడూ ఎక్కుతాడు గనుక, వాడి జేబు చూడ్డానికొచ్చినవాడూ అదే ఎక్కుతాడు. పెట్టెలో మైకు మోగింది. జేబుదొంగలున్నారు, మీ వస్తువులు జాగ్రత్త అని ఒక భాష తర్వాత ఒక భాషలో చెప్పింది. బాబాయి వెంటనే గుండె, నడుం, తొడ, మడమ, ఏ చోటూ వదలకుండా వరసగా ముట్టుకున్నాడు. చూసేవాళ్లకి అచ్చం సంధ్యావందనంలో అంగన్యాసం. టూరు మేనేజరు కుర్రాడు చెవిలో చెప్పాడు: “బాబాయి గారూ, ఆ మాట వినగానే ఎవరి సొమ్ము ఎక్కడుందో వాళ్లే తడిమి చూపిస్తారండీ. దొంగకి కావలసింది అదే.” బాబాయి కంగారుపడి, సొమ్ము చూపించేశానేమోనని మళ్లీ మొదట్నించీ తడుముకున్నాడు.

ఇక అనుమానాలు. గడ్డం పెంచుకున్న కుర్రాడొకడు లేచి పిన్నికి సీటిస్తే, “కూర్చోకే, ఏదో ఎత్తు వేస్తున్నాడు” అన్నాడు. పిన్ని కూర్చుంది. టోపీ వాడు, సంచి వాడు, నల్లవాడు, అందరూ ఆయన చూపుల్లో బోనెక్కారు. శుభ్రంగా ఇస్త్రీ బట్టల్లో, చేతిలో మ్యాపు పట్టుకుని, మనలాగే స్టేషన్ పేర్లు చూసుకుంటున్న ఇద్దరమ్మాయిల్ని మాత్రం ఆయన చూడనే లేదు. వాళ్లు దొంగలని నేననను. కానీ ఆ ఊళ్లో ఆ పని చేసేవాళ్లు చాలామంది అలాగే ఉంటారు. ఒకరు తలుపు దగ్గర టక్కున ఆగుతారు, వెనకనున్నవాడు వచ్చి తగులుతాడు, మూడోవాడు చేతి మీద వేసుకున్న కోటు కింద పని కానిచ్చేస్తాడు. లేదంటే తలుపులు మూసుకునే కూత వినిపించగానే చేతిలో ఫోను లాక్కుని దిగిపోతాడు. మనం లోపల, వాడు ప్లాట్‌ఫారం మీద. దొంగ దొంగలా కనబడడని బాబాయికి వందసార్లు చెప్పొచ్చు, ఆయన మాత్రం పాత సినిమాల్లో గళ్ల లుంగీ వాడి కోసమే వెతుకుతాడు.

ఈలోగా ఎదుట నిలబడిన ఫ్రెంచి ముసలమ్మ తన హ్యాండ్‌బ్యాగు రెండు చేతుల్తో గుండెకి హత్తుకుని రెండడుగులు జరిగింది. జర్కినులో చెయ్యి పెట్టుకుని, ప్రతివాళ్ల జేబుల వంకా గుచ్చి గుచ్చి చూసే మనిషి ఆ పెట్టెలో ఒక్కడే ఉన్నాడు మరి.

మరుసటి స్టేషన్‌లో బండి కుదుపుకి ఎవరిదో చెయ్యి బాబాయి నడుం మీద పడింది. 2023లో వెనిస్‌లో ఒకావిడ దొంగల వెంటపడి అరిచిన వీడియోలు లోకమంతా తిరిగాయి గదా, బాబాయి వాటిని కంఠస్థం చేసి ఉన్నాడు. “అటెన్సియోనే! పిక్‌పాకెట్!” అని ప్యారిస్‌లో ఇటాలియనులో గావుకేక పెట్టాడు. ఆ చెయ్యి మా బృందంలోనే ఉన్న గుంటూరు హెడ్మాస్టరు గారిది. పట్టుకోడానికి కమ్మీ దొరక్క ఈయన్ని పట్టుకున్నారు. ఆ తర్వాత ప్రయాణమంతా ఆయన బాబాయితో మాట్లాడలేదు.

షాట్లేలో దిగి, ఎంతకీ తరగని ఆ సొరంగం దారుల్లో నడుస్తుంటే టికెట్ల తనిఖీ వాళ్లు ఎదురయ్యారు. అక్కడ బయటికొచ్చేదాకా టికెట్టు దగ్గరుండాలి, లేకపోతే జరిమానా. బాబాయి టికెట్టు భద్రంగానే పెట్టాడు. ఏ భద్రంలో పెట్టాడన్నదే ప్రశ్న. జర్కిను తీశాడు. స్వెట్టరు ఎత్తాడు. చొక్కా గుండీలు విప్పాడు. యూరోలొచ్చాయి, పాస్‌పోర్టు నకళ్లు వచ్చాయి, ఇంకో చోట ఇంకాసిని యూరోలొచ్చాయి. అటూ ఇటూ పోయే జనం కాస్త నెమ్మదించి చూసి వెళ్తున్నారు. సాక్సు దాకా వచ్చేసరికి తనిఖీ అమ్మాయి మర్యాదకి మొహం అటు తిప్పుకుంది.

“ఏవండీ, టికెట్లు రెండూ నా దగ్గరే ఉన్నాయి గదా” అంది పిన్ని, అడ్డంగా వేసుకుని శాలువా కింద ముందుకు పెట్టుకున్న మామూలు బ్యాగు జిప్పు తీస్తూ. ఇంట్లోంచి బయల్దేరినప్పటినుంచీ ఆవిడ చెయ్యి ఆ జిప్పు మీదే ఉంది. ఎవరూ గమనించలేదు, బాబాయితో సహా.

మర్నాడు పొద్దున్నే సాఫ్ట్‌వేర్ కుర్రాడి ఫోను పోయింది. మెట్రో తలుపు పక్కన నిలబడి వీడియో తీస్తున్నాట్ట. వాడు ఏడుపు మొహం పెట్టుకుని వచ్చాడు. అంతే, బాబాయికి పదేళ్లు తగ్గాయి. ముందు కార్డులు బ్లాకు చేయించాడు. ఆ నంబరు మీది యూపీఐ ఆపించాడు. పోలీసు కాగితం లేకపోతే ఇన్సూరెన్సు వాడు పైసా ఇవ్వడన్నాడు. “పాస్‌పోర్టే పోయుంటే మన ఎంబసీకి పరిగెత్తేవాళ్లం. ఇంటికి చేరడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్టని ఇస్తారు, దానితో ఇండియా రావడమే, ఇంకో దేశం చూడ్డానికి పనికిరాదు. నీది అదృష్టంరా అబ్బాయ్!” అన్నాడు. అదృష్టవంతుడు తలూపాడు. పోలీసులు ఐఎంఈఐ అడిగితే ఇదిగో అని నోటుబుక్కు తెరిచాడు. ఆ స్టేషన్ బెంచీ మీద కూర్చున్నంతసేపూ ఆయన మొహంలో వెలుగు చూడాలి. ఒక్కటే లోటు, తిరిగొస్తూ పైకే అనేశాడు: “నా పర్సు వంక మాత్రం ఒక్కడూ కన్నెత్తి చూళ్లేదురా.”

ఆ హడావుడిలో ఆయనకి లూవ్ర్ తప్పిపోయింది. సాయంత్రం హోటల్ గదిలో అడిగాడట.

“ఏమేవ్, మోనాలిసా ఎలా ఉంది?”

“భద్రంగానే ఉందండీ. కాకపోతే మీ పాస్‌పోర్టుకున్నన్ని అడ్డాల్లేవు పాపం, ఒక్క గాజు పలకే.”