ముందు సంజాయిషీ, తర్వాత సైకిలు

ఆఫీసుకి సైకిలు మీద వెళ్దామన్న ఆలోచన గోదావరి జిల్లాల్లో ఎవరికైనా రావచ్చు. కంగారు పడక్కర్లేదు, చాలామందికి రెండ్రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. తగ్గనివాళ్ళకి పనికొస్తుందని, కొవ్వూరు నుంచి రాజమండ్రికి రోజూ తొక్కుతున్నవాడిగా నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాను.

సైకిలు తర్వాతయినా కొనొచ్చు, ముందు సంజాయిషీ సిద్ధం చేసుకోండి. నాకీ సంగతి తెలియక సైకిలే ముందు కొన్నాను. మొదటిరోజు వంతెన ఎక్కేలోపు ముగ్గురు ఆపారు. "బండేమైందండీ?" అన్నారొకరు. "అమ్మేశారాండీ?" అన్నారు ఇంకొకరు. మూడో ఆయన ఏమీ అడగలేదు. తన బండి పక్కకి తీసి, అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించి, "ఏదైనా అవసరమైతే మొహమాటపడకండి, మనలో మనకేముంది" అన్నాడు. ఆయన వడ్డీలకి తిప్పుతాడని తర్వాత తెలిసింది.

కాబట్టి జవాబు దగ్గరుంచుకోండి. పెట్రోలు దండగని చెబితే పిసినారి అంటారు. కాలుష్యం అని చెబితే మీరు ఏదో సంస్థ పెట్టారనుకుని చందా అడుగుతారేమోనని తప్పుకుపోతారు. సరదాకి అన్నారా, ఇంట్లో గొడవలున్నాయన్నమాటే. ఊళ్ళో చెల్లే మాట ఒక్కటే: "షుగరండి, డాక్టరుగారు తొక్కమన్నారు." అనగానే అవతలి మొహం తేటపడుతుంది. "ఆయ్, అదా సంగతి! మరి ముందే చెప్పరేంటండీ" అని కాకరకాయ రసం దగ్గర మొదలెట్టి మెంతుల దాకా చెప్పి సాగనంపుతారు. దీనికి మూల్యం ఉంది. మొన్న ఎవరో ఆత్రేయపురం నుంచి పూతరేకుల పెట్టె తెచ్చారు. అది ఆఫీసంతా తిరిగి నా బల్ల దాకా వచ్చి, ఒక్క క్షణం ఆగి, జాలిగా ముందుకెళ్ళిపోయింది. నాకు షుగరు లేదు.

ఇక సైకిలు. దుకాణంలో మీకు ఇరవై ఒక్క గేర్లున్నది అంటగడతారు. తీసుకోండి, పరువుగా ఉంటుంది. మన నేల ఎంత పల్లమో కాటన్ దొర ఎప్పుడో తేల్చేశాడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల్లోకి వదిలిన నీళ్ళు ఏ మోటారూ తొయ్యకుండా పొలాలన్నీ తడుపుకుంటూ సముద్రం వైపు పోతూనే ఉన్నాయి. అలాంటిచోట ఎక్కడమంటే కాలువ వంతెన, ఏటిగట్టు, అంతే. నాకు రెండు గేర్లు సరిపోయాయి. మిగతా పంతొమ్మిదింటికీ ఆదివారం పూట నూనె రాస్తున్నాను.

రంగు దగ్గర మాత్రం జాగ్రత్త, పసుపు వద్దు. 1983 ఎన్నికల దగ్గర్నుంచీ ఈ రాష్ట్రంలో సైకిలు వట్టి వాహనం కాదు. పసుపు సైకిలు మీద తిరిగితే సగంమంది కార్యకర్తంటారు, మిగతా సగం ఏదో పదవికి పాకులాడుతున్నాడంటారు. అదే సైకిలు కొట్టు ముందు ఆపి గాజు గ్లాసులో టీ తాగితే పొత్తు కుదిరిందంటారు. లోపలికెళ్ళి ఫ్యాను కింద కూర్చున్నారంటే ఇక పార్టీ మారినట్టే. నేను నలుపు కొన్నాను. నలుపులో ఏ రాజకీయం చూస్తారో ఇంకా ఎవరూ చెప్పలేదు.

దారి విషయానికొద్దాం. 1974 నాటి రోడ్డు కం రైలు బ్రిడ్జి, కింద రైళ్ళు, పైన మనం, నాలుగు కిలోమీటర్లు. 2022 ఏప్రిల్ దాకా దీన్ని దాటడమంటే పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరికి వెళ్ళడం. జిల్లాలు విడదీశాక కొవ్వూరు కూడా తూర్పులో కలిసి రెండు ఒడ్లూ ఒకే జిల్లా అయ్యాయి. తొక్కేవాడికి అందువల్ల గజం కూడా కలిసిరాలేదు. మరమ్మతులకని వంతెన మూసేశారంటే, 2023లో అలాగే మూశారు, ఎగువనున్న నాలుగో వంతెన మీంచి చుట్టుతిరిగి పోవాల్సిందే. ఇంకో పక్కన హేవ్‌లాక్ వంతెన ఉంది. సుమారు వందేళ్ళు రైళ్ళని మోసి 1997లో రిటైరైంది. దాన్ని ఏదో ఒకటి చేస్తామన్న మాట అప్పట్నుంచీ వింటూనే ఉన్నాం. నేను వంతెన మీద ఆయాసపడుతూ దానివైపు చూస్తాను. చుట్టూ నీళ్ళు, పైన ఎవరూ లేరు, ఒక్క లారీ లేదు, ఒక్క హారను లేదు.

ఈ ప్రయాణంలో ఎవరూ చెప్పని కిటుకు ఒకటుంది. కొవ్వూరు పడమటి ఒడ్డు, రాజమండ్రి తూర్పు ఒడ్డు. పొద్దున్న తూర్పుకి తొక్కుతారు, సూర్యుడు కళ్ళల్లో. సాయంత్రం పడమటికి తిరిగొస్తారు, మళ్ళీ సూర్యుడు కళ్ళల్లోనే. రాజమండ్రిలో ఇల్లుండి కొవ్వూరులో పనిచేసేవాడికి రెండుపూటలా వీపునే ఉంటాడు. ఉద్యోగంలో చేరేటప్పుడు జీతం, సెలవులు అడుగుతాంగానీ ఇది అడగం. మే నెలలో అయితే ఎండతోపాటు పడమటి గాలి కూడా. పొద్దున్న వెనక నుంచి కాస్త నెడుతుంది, సాయంత్రం ఆ నెట్టినదంతా వడ్డీతో వసూలు చేస్తుంది.

అయినా వంతెన మధ్యలో ఒకసారి ఆగమనే చెబుతాను. ఆయాసమని కాదు, ఫోను మాట్లాడుతున్నట్టు నటించండి. సైకిలు పిట్టగోడకి ఆనించండి. కింద రైలొస్తుంది. ముందు చెవికి కాదు, అరికాలికి తెలుస్తుంది. తర్వాత పిట్టగోడ సన్నగా వణుకుతుంది, మడ్‌గార్డు గిలగిల్లాడుతుంది, ఎవరూ ముట్టుకోకుండానే బెల్లు ‘ణిణిణి’ మంటుంది. రైలు వెళ్ళిపోయాక కూడా ఓ రెండు మూడుసార్లు మోగి ఊరుకుంటుంది. కారు అద్దాలు ఎత్తుకుని పోయేవాళ్ళకి ఈ వంతెన కింద రైలు పోతోందన్న సంగతే తెలియదు.

లిఫ్టుల బెడద గురించి కూడా చెప్పాలి. గోదావరి మర్యాద సైకిలు తొక్కేవాణ్ణి చూస్తూ ఊరుకోలేదు. "ఎక్కండి మాస్టారూ, అదిక్కడ పడేయండి, ఎవరు పట్టుకుపోతారు" అని బండి పక్కనే నడుపుతూ పావు కిలోమీటరు బతిమాలతారు. నేను మాస్టార్ని కాను. సైకిలు మీద వెళ్ళే చదువుకున్నవాడికి ఇక్కడ ఆ ఒక్క హోదా ఇంకా మిగిలి ఉంది. మా నాన్న నిజంగానే మాస్టారు. అట్లాసు సైకిలు మీద ముప్ఫయ్యేళ్ళు గట్టు వెంబడి బడికెళ్ళాడు. ఆయన్నెవరూ లిఫ్టు ఎక్కమనలేదు, ఎందుకంటే ఎక్కించుకునేవాళ్ళూ సైకిళ్ళ మీదే ఉండేవారు.

ఇప్పుడు మాత్రం? పొద్దున్న ఎనిమిదిన్నరకి వంతెన మీద చూడండి. క్యారేజీకి తాపీ, తూకం గుండు, అన్నం డబ్బా కట్టుకుని మేస్త్రీలు, హ్యాండిలుకి సున్నం బక్కెట్లు తగిలించుకుని రంగులవాళ్ళు, పాలక్యాన్లు. రావులపాలెం వైపు పోతే రెండు పక్కలా అరటిగెలలు వేలాడేసి, తొక్కే మనిషి కనపడకుండా సైకిలే నడిచొస్తున్నట్టుంటుంది. వీళ్ళలో ఒక్కణ్ణీ బండేమైందని ఎవరూ అడగరు. తెల్లవారుజామున ఐదింటికి హెల్మెట్టు పెట్టి, బిగుతు నిక్కరు వేసి తొక్కేవాళ్ళనీ అడగరు, అది వ్యాయామం. చిక్కల్లా తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కాతో తొక్కేవాడితోనే. పనిలేకుండా తొక్కితే ఆరోగ్యం, పనికోసం తొక్కితే దరిద్రం. అందుకే హెల్మెట్టు పెట్టుకోమంటున్నాను. తల కోసమైతే సరే, అంతకన్నా ఎక్కువగా పరువు కోసం. రోజూ ఎదురుపడే మేస్త్రి ఒకాయన మాత్రం నన్ను ఆపి మరీ అడిగాడు: "మాకంటే తప్పదు, మీకెందుకండీ ఈ ఎండలో?" ఆయనకి షుగరు మాట చెప్పడానికి నోరు రాలేదు.

ఏడాదికొక్కరోజు సంజాయిషీ అక్కర్లేదు, జూన్ 3. ఐక్యరాజ్యసమితి 2018లో దాన్ని ప్రపంచ సైకిలు దినంగా ప్రకటించింది. ఆ రోజు టోపీ, టీషర్టు, ఫ్లెక్సీ, మజ్జిగ ప్యాకెట్టు అన్నీ ఉంటాయి. 2020లో సరిగ్గా ఆ రోజే సాహిబాబాద్‌లో అట్లాసు ఫ్యాక్టరీ మూతపడింది. నాన్న లేడు గనక ఆ వార్త ఆయనకి చదివి వినిపించే పని తప్పింది.

పంక్చరు పడుతుంది. ఖరీదైన సైకిలుకి ఖరీదైన చోట పడుతుంది. గట్టు పక్క పంక్చర్ల తాత నా చక్రం మూతి చూసి, కళ్ళజోడు పైకెత్తి మళ్ళీ చూసి, "ఇంత సన్నమూతి ఏంటండీ, నా పంపు దీనికి పట్టదు" అన్నాడు. ట్యూబు బయటికి లాగి నీళ్ళ బేసిన్లో ముంచి, చిన్న బుడగ వచ్చేదాకా వేలితో అంగుళం అంగుళం నొక్కుకుంటూ పోయాడు. ముల్లు దొరికింది, అతుకు పడింది, గాలి మాత్రం లేదు. నడిపించుకుంటూ ఆఫీసుకెళ్ళాను. ఆ రోజు సంజాయిషీ అడిగినవాళ్ళు పదకొండుమంది.

చెమట గురించి తక్కువ చెప్పుకుంటే మంచిది. ఇంకో చొక్కా, తడితువ్వాలు, కాస్త పౌడరు. ప్యాంటు అంచు చైనులో పడకుండా ఫైళ్ళకి వేసే రబ్బరుబ్యాండు వేసుకోండి. అది ప్రభుత్వ ఆస్తి, దిగగానే తీసి యథాస్థానంలో పెట్టండి.

ఆఫీసులో మొదట అభ్యంతరం చెప్పేది మీ పైవారే. "స్టాఫు ఇలా వస్తే జనం ఏమనుకుంటారండీ" అన్నారు మా పైవారు, మొదటి వారంలోనే. సైకిలు జీపు పక్కన కాకుండా వేపచెట్టు వెనకాల పెట్టమన్నారు. అక్కడే పెడుతున్నాను. పోయిన శుక్రవారం సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక, తాళాల కోసం వెనక్కొచ్చి చూస్తే చెట్టు కింద సైకిలు లేదు. గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే ప్రహరీ చుట్టూ ఆయనే తొక్కుతున్నారు, చెప్పులు మెట్ల మీద వదిలేసి, వాచీ జేబులో పెట్టుకుని. నన్ను చూసి దిగలేదు. మూడో చుట్టు పూర్తిచేసి, నా ముందు ఆపి, కాలు నేలకి ఆనించి, బొటనవేలితో వెనక టైరు ఒకసారి నొక్కారు.

"గాలి తక్కువుందండి మీకు" అన్నారు.