కోర్టు మెట్ల దగ్గర నేను

నేను క్యాషియర్స్ చెక్కును. మన బ్యాంకుల్లో డీడీ తీసినట్టే నన్నూ తీశారు. ముందే సొమ్ము జమ చేయించుకుని బ్యాంకు తన పూచీ మీద ఇచ్చే కాగితాన్ని కాబట్టి నన్ను ఎవరూ పెద్దగా అనుమానించరు. నా విలువ 1,00,000 డాలర్లు. నాతోపాటు 50,000వి రెండు, 10,000వి కొన్ని, 1,000వి ఇంకొన్ని పుట్టాయి. వేలంలో పాట ఏ అంకె దగ్గర ఆగుతుందో ఎవరికీ తెలియదు. ఎంత దగ్గర ఆగినా లెక్క సరిపోవాలని మమ్మల్ని ఇలా విడివిడిగా తీయిస్తారు. అందరి మీదా కొనబోయే మనిషి పేరే ఉంటుంది. పాట దక్కితే వెనక సంతకం పెట్టి ఇచ్చేస్తాడు, దక్కకపోతే తిరిగి తన ఖాతాలోనే వేసుకుంటాడు.

ఆ మనిషిది డాలస్ పక్కన ఫ్రిస్కో. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ నాలుగు రాళ్లు వెనకేసుకుని, అద్దెకివ్వడానికి ఒక ఇల్లు కొనుక్కుందామని బయల్దేరాడు. అతనికి దారి చూపింది అక్క మొగుడు. ఏళ్లుగా, అప్పు కట్టక పోయే ఇళ్ల వేలాల చుట్టూ తిరిగిన మనిషి.

టెక్సాస్‌లో చాలా ఇంటి అప్పులకు కోర్టులో దావా వేయకుండానే ఇంటిని వేలానికి పెట్టొచ్చు. కనీసం 21 రోజుల ముందు అప్పుదారుకు నోటీసు పంపాలి, కౌంటీలో దాఖలు చేసి అందరికీ కనబడేలా పెట్టాలి. ప్రతి నెలా మొదటి మంగళవారం, ఉదయం 10 నుంచి సాయంత్రం 4 లోపు అమ్మకం. ఆ నోటీసుల్లోంచి బావమరిది ఒక ఇల్లు ఏరుకొచ్చాడు.

“బావగారూ, ఇది చూడండి. బాకీ 60,000 మాత్రమే. చుట్టుపక్కల ఇళ్లు మూడు లక్షలు పలుకుతున్నాయి.”

బావగారు కౌంటీ క్లర్కు రికార్డులు తెరిచి చాలాసేపు చదివారు. “వద్దయ్యా. వేలం వేయిస్తున్నది రెండో తాకట్టు వాడు. మొదటి అప్పు అలాగే ఉంది. నువ్వు పాడుకుంటే ఆ అప్పు ఇంటితోపాటే నీ నెత్తిన పడుతుంది. మొదటి తాకట్టు వాడు వేలం వేస్తే వెనకవాళ్ల హక్కులు సాధారణంగా తుడిచిపెట్టుకుపోతాయి, వెనకవాడు వేస్తే ముందువాడి హక్కు కదలదు. ఆస్తి పన్ను బాకీ అయితే ఎవరు వేసినా పోదు.”

నాలాంటి కాగితాలు ఎన్ని కట్టలున్నా ఈ నాలుగు మాటలు తెలియని చేతిలో వ్యర్థమే. ధర చూసి పరుగెత్తేవాళ్లను తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

రెండో ఇంటి కాగితాలు శుభ్రంగా ఉన్నాయి. ముందురోజు సాయంత్రం వెళ్లి రోడ్డు మీంచే చూసొచ్చారు, ఎందుకంటే లోపలికి వెళ్లే హక్కు పాటదారుకు లేదు. ఉత్తర టెక్సాస్ నల్లరేగడికి వాన పడితే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే గుణం ఉంది. పునాది పలకలు పగులుతాయి. గ్యారేజీ మూల నుంచి ఇటుకల వరసలో మెట్లు మెట్లుగా ఎక్కిన పగులొకటి కనబడింది. వడగళ్లు కొట్టిన కప్పు మీద నీలం టార్పాలిన్. కార్లో కూర్చునే మరమ్మతులకు 40,000 వేసుకున్నారు. ఆ గ్యారేజీలో ఒకాయన తన ట్రక్కు కడుక్కుంటున్నాడు. వీళ్ల కారు నెమ్మదించడం చూసి పైపు కట్టేసి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ మంగళవారం ఫోర్ట్‌వర్త్‌లో టారంట్ కౌంటీ పాత కోర్టు మెట్ల దగ్గరికి వెళ్లాం. 1895లో పూర్తయిన గులాబీ రంగు గ్రానైటు భవనం అది. వేలం నడిపే ట్రస్టీలు అట్టలు పట్టుకుని తలో పక్క నిలబడి, లాట్ నంబరు, బ్లాక్ నంబరు గడగడా చదివేస్తున్నారు. చొక్కా జేబులో ఉన్న నాకు బావమరిది గుండె చప్పుడు వినబడుతూనే ఉంది. అప్పిచ్చిన సంస్థ తరఫున మొదటి పాట 1,62,000. అదే బాకీ మొత్తం. ఎవరూ ముందుకు రాకపోతే ఇల్లు ఆ సంస్థకే పోయేది. ముగ్గురు పోటీపడ్డారు. 2,14,000 దగ్గర మిగతావాళ్లు తప్పుకున్నారు. తడిసిన వేళ్లతో నా వీపున సంతకం పడింది. ఇల్లు ఉన్నది ఉన్నట్టుగానే, దాని స్థితికి ఏ పూచీ లేకుండా, చేతులు మారింది.

నేను ట్రస్టీ ఆఫీసు ఫైల్లోకి వెళ్లాను. అసలు చెప్పాలనుకున్నది ఇక్కడి సంగతే. వేలం ఖర్చులు, అప్పు బాకీ పోగా దాదాపు 50,000 డాలర్లు మిగిలాయి. అది అప్పిచ్చినవాడిదీ కాదు, పాట పాడినవాడిదీ కాదు. వెనక తాకట్టుదారులెవరైనా ఉంటే ముందు వాళ్లకు, లేకపోతే ఇల్లు పోగొట్టుకున్న మనిషికి చెందాలి. అతనికి కబురు పంపాలని ఆఫీసులో ఒక ఉత్తరం తయారైంది. కవరు మీద రాసిన చిరునామా ఆ ఇంటిదే, రేపో మాపో అతను ఖాళీ చేయాల్సిన ఇంటిదే. ఆ కవరును చూసి నేను తల్లడిల్లాను.

ఇలాంటి మిగులు ఎంత పెద్ద విషయమో అమెరికా సుప్రీంకోర్టే చెప్పింది. మినియాపోలిస్‌లో జెరాల్డిన్ టైలర్ అనే వృద్ధురాలి ఫ్లాటును వడ్డీ, జరిమానాలు కలిపి సుమారు 15,000 డాలర్ల పన్ను బాకీ కింద హెన్నెపిన్ కౌంటీ తీసుకుని 40,000కు అమ్మింది. మిగిలిన 25,000 తనే ఉంచుకుంది. అప్పటి మినెసోటా చట్టం అందుకు ఒప్పుకుంది. 2023 మేలో న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా అది చెల్లదన్నారు. బాకీ మేరకే సర్కారుకు హక్కు, పైది ఆమె ఆస్తి అన్నారు. అప్పుడామెకు 94 ఏళ్లు.

అమెరికాలో మీకు తెలిసినవాళ్ల ఇల్లు ఇలా వేలంలో పోతే ఓదార్చి ఊరుకోకండి. అప్పు మీద పోయిన ఇల్లయితే నోటీసు మీదున్న ట్రస్టీకి వెంటనే కొత్త చిరునామా ఇచ్చి, మిగులు ఎంతుందో రాతపూర్వకంగా అడగమనండి. పన్ను బాకీ మీద పోయినదైతే టెక్సాస్‌లో మిగులు సొమ్ము కోర్టు క్లర్కు దగ్గర ఉంటుంది, రెండేళ్లలోపు కోర్టులో అర్జీ వేసి తీసుకోవాలి. గడువు దాటిపోనివ్వకండి.