మగమహారాజులకు నిరోధ్ చిట్కాలు

సొంతూర్ల మెడికల్ షాపు ఉన్నా అక్కడ మాత్రం కొనొద్దు. కౌంటర్ల కూసున్నోడు టెన్త్‌ల మీ పక్క బెంచీవాడై ఉంటడు, లేకుంటే మేనత్త కొడుకు. దేవరకొండోళ్లు కొండమల్లేపల్లికి, మక్తల్ వాళ్లు నారాయణపేటకు బండి తియ్యాలె. దుకాణం ముందర ఆగి లోపల ఆడమనిషి ఉన్నదా చూడాలె. ఉంటే ఇంకో చుట్టు కొట్టి రావాలె. లోపలికి పోయినంక ముందుగాల తలనొప్పి గోలీలు, జండూబామ్, ఓఆర్‌ఎస్ పొట్లాలు అడగాలె. ఆఖర్ల గొంతు దించి "అన్నా, గది గూడ ఇయ్యి" అనాలె. "ఏది తమ్మీ?" అని ఆయన దుకాణమంత ఇనబడేటట్టు అడుగుతడు. అప్పుడు ఇంకో జండూబామ్ కొనుక్కొని బయటపడాలె. ఆరు నెలలు ఈ పద్ధతి పాటిస్తే ఇంట్ల నొప్పుల మందులకు కరువుండదు. రెండో బిడ్డకు గూడ ఉండదు.

ఇంత తిప్పలు పడకుంట పని కావొచ్చు గని, ఆ తొవ్వల పోవద్దు. ఊర్ల ఆశ వర్కర్ 2011ల మొదలైన ఒక కేంద్ర పథకం కింద మూడు నిరోధ్‌ల ప్యాకెట్‌ను రూపాయికి ఇంటికే తెచ్చిస్తున్నది. సర్కారు దవాఖానల ఆ రూపాయి గూడ లేదు. కానీ ఆమెను అడిగితే పరువు పోతది. మీ ఇంటామె నెల తప్పిన తేదీ, రక్తం శాతం, పుట్టిన బిడ్డ బరువు, టీకాల లెక్క అన్నీ ఆమె రిజిస్టర్ల ఉన్నయి. అన్నీ తెలిసిన మనిషికి ఇదొక్కటి తెల్వకుంట కాపాడుకోవాలె.

మన తాతలకు ఇంత నాగరికత లేదు. 1968ల నిరోధ్ వచ్చినప్పుడు మూడింటికి 15 పైసలు పెట్టి, బ్రూక్ బాండ్, లిప్టన్, హిందుస్తాన్ లీవర్ లాంటి కంపెనీల చేత చాయ్‌పత్తా, సబ్బులతోపాటు కిరాణం దుకాణాలకు పంపిచ్చిన్రు. తాత ఉప్పు, పప్పుతో పాటు అడిగి తెచ్చుకున్నడు. మనుమడు హెల్మెట్ పెట్టుకొని పక్కూరికి పోతున్నడు. 2017 డిసెంబర్ల కేంద్రం గూడ మన దిక్కే నిలబడి, పొద్దుగాల ఆరు నుంచి రాత్రి పది దాకా టీవీల కండోమ్ ప్రకటనలు వద్దన్నది. అంతకు ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల ఎయిడ్స్ ప్రచారానికి ఊరూర హోర్డింగులు పెట్టి "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా" అని అడిగిన్రు. ఆ ప్రశ్నకు జవాబు ఎంతమందికి గుర్తున్నదో గని, తోటోన్ని ఎక్కిరియ్యనీకి ఆ పేరు మాత్రం చానా ఏండ్లు పనికొచ్చింది.

సరే, ఎట్లనో కొన్నరు. ఏది కొనాలంటే డబ్బా మీది బొమ్మ చూసి కొనాలె. వెనక చిన్న అక్షరాలల్ల తయారీ తేదీ, గడువు తేదీ, మిల్లీమీటర్లల్ల వెడల్పు ఉంటయి. అవి చదివేటోళ్లకు బతుకు మీద విశ్వాసం లేనట్టు. బిగుతైనా, వదులై జారినా కొలత మార్చొద్దు, మొత్తానికే మానెయ్యాలె. దురద పెడితే గూడ అంతే. రబ్బరు పడనోళ్లకు పాలియురేతేన్‌తోని చేసినవి వేరే ఉంటయని ఎవరన్న చెప్తే చెవిన పెట్టొద్దు. "నాకు సైజు సాలది" అనేటోళ్లు నలుగుట్ల ఆ మాట గట్టిగనే అనొచ్చు. ఫ్యాక్టరీల మామూలు నిరోధ్‌ను పదహారు లీటర్లకు పైగా గాలి నింపి పరీక్ష చేస్తరన్న సంగతి వినేటోళ్లకు తెల్వకపోతే చాలు.

ఇగ దాచుడు. ఇది మన జిల్లాలకే ప్రత్యేకమైన విద్య. బండి మీద తిరిగేటోళ్లు వెనక జేబు పర్సుల, ఆధార్ కార్డు ఎనక పెట్టాలె. రోజూ దాని మీదనే కూసుంటే కొన్నాళ్లకు తోలు మీద గుండ్రటి అచ్చు పడుతది. స్నేహితులకు చూపెట్టనీకి అదే పనికొస్తది. లారీ డ్రైవర్లు క్యాబిన్ల, అద్దం కింద పెట్టాలె. చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా 65 నంబర్ రోడ్డు మీద గాని, జడ్చర్ల దాటి అడ్డాకుల దిక్కు 44 మీద గాని మే నెలల లారీ ఆపి అన్నం తినొస్తే, తలుపు తీసినంక స్టీరింగ్ పట్టుకోరాదు. బయట నల్లగొండ ఎండ 44, 45 డిగ్రీలుంటే అద్దాలు మూసిన క్యాబిన్ల ఎంతుంటదో వేరే చెప్పాల్నా. లేటెక్స్ అంటే రబ్బరు చెట్టు పాలు. వేడికి, ఎండకు, రాపిడికి అది పెళుసైతది, పైకి మాత్రం కొత్తదాని లెక్కనే కనబడుతది. డబ్బా మీద వేసిన గడువు చల్లగ, పొడిగ, నీడపట్టున ఉంచినదానికి. మీ క్యాబిన్‌కు ఆ హామీ ఎవరూ ఇయ్యలేదు.

బీరువల చీరెల మడతల నడుమ పెడితే ఏ ఎండా తగలదు. కానీ అక్కడ ఇంటామె చూస్తది. ఆమె చూడొద్దని దాచేది ఆమెతోని వాడనీకే కదా అని నన్ను అడగొద్దు. నేను చిట్కాలు చెప్పేటోన్నే.

వాడే ముందు ప్యాకెట్‌ను వేళ్లతోని ఒత్తి లోపల గాలి బుడగ ఉన్నదా చూసుడు పిరికోళ్ల పని. బుడగ లేకుంటే ప్యాకెట్‌కు చిల్లి పడ్డట్టట, పడనియ్యండి. పండ్లతోని చింపాలె. గుట్కా పొట్లాలు చింపి పండ్లకు అలవాటే ఉన్నది. లోపలిదాన్ని ఒక దిక్కు జరిపి అంచు కాడ చేతితోని చింపేటంత ఓపిక సంసారికి ఎక్కడిది? తిరగేసి పెట్టినమని తెలిస్తే దాన్నే మళ్ల తిప్పి వేసుకోవాలె, కొత్తది తీస్తే దుబారా. అప్పటికే దాని కొనకు అంటిన తడి లోపలికి పోతదని డాక్టర్లు గాబరా పెడుతరు. కొనకున్న చిన్న తిత్తిని వేళ్లతోని నొక్కి గాలి తీసి, మొదలు దాకా దించమని గూడ వాళ్లే అంటరు. గాలి నిలిస్తే పగిలే గుణం ఉన్నదట. మొదట్లనే వేసుకోకుంట ఆఖరి నిమిషంల వేసుకోవాలె. రోగం గాని, గర్భం గాని మీ ఆఖరి నిమిషం కోసం ఓపికగ కాచుకొని ఉంటయి. అయినంక మొదలు కాడ పట్టుకొని ఎంబడే బయటికి తియ్యకుంట అట్లనే నిద్రపోవాలె.

నూనె తప్పకుంట వాడాలె. కొబ్బరినూనె, వాజిలిన్, ఏది చేతికందితే అది. నూనె తగిలితే లేటెక్స్ నిమిషాలల్లనే బలం తప్పుతది. నీళ్లతోని చేసిన జెల్లీ అదే మెడికల్ షాపుల ఉంటది గని, ఇప్పటికే రెండు జండూబామ్‌లు కొన్నం. అనుమానం ఉన్నోళ్లు ఒకదాని మీద ఇంకోటి వేసుకోవాలె. రెండు రబ్బర్లు రాసుకొని రెండూ చినుగుతయి, అప్పుడు అనుమానమే ఉండదు.

ప్రతిసారీ సరిగ్గ వాడితే ఏడాదికి నూరు మందిల ఇద్దరికే గర్భం నిలుస్తదని లెక్క. మామూలు మనుషులు వాడే తీరుకు పదమూడు మంది. నడుమల ఉన్న పదకొండు మంది ఈ చిట్కాలు చదివేటోళ్లు.

రోగాల సంగతి మొఖం చూస్తే తెలుస్తది. బక్కగున్నోళ్లకు ఉంటయి, తెల్లగ, బొద్దుగున్నోళ్లకు ఉండవు. పరీక్ష సర్కారు దవాఖానల పైసల్లేకుంట చేస్తరు, పేరు బయటపెట్టరు, 1097కు ఫోన్ కొట్టినా చెప్తరు. అందుకే మొఖం చూసుడే మేలు. చినిగిందని తెలిసిననాడు కాళ్లు కడుక్కొని పండుకోవాలె, పొద్దుగాల ఇంటామెకు బొప్పాయి పండు తినబెట్టాలె. గర్భం ఆపే గోలీ గాని, హెచ్‌ఐవీ సోకకుంట ఇచ్చే మందు గాని 72 గంటల లోపల, అందులనూ ఎంత తొందరగ మొదలుపెడితే అంత మంచిదంటరు. మనం నాలుగో రోజు ఆలోచిద్దాం.

ఇన్ని చిట్కాలకూ లొంగని వాళ్ల కోసం మనకు అసలు పద్ధతి ఉండనే ఉన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల తెలంగాణల పిల్లలు కనే వయసుల ఉన్న పెండ్లైన ఆడోళ్లల్ల నూటికి అరవై మందికి పైనే పిల్లలు పుట్టకుంట చేసే ఆపరేషన్ అయిపోయింది. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానల ఒక్క దినం 34 మందికి చేసిన్రు, తర్వాతి దినాలల్ల నలుగురు చనిపోయిన్రు. దాని మీద నాకు ఏ చిట్కా లేదు.

మగోళ్ల ఆపరేషన్ అంతకన్న చిన్నది. పొట్ట కోసుడుండదు, అదే దినం ఇంటికి పంపిస్తరు, మగతనం ఎటూ పోదు. దాని ముచ్చట ఎవరన్న తీస్తే "బరువులు ఎత్తేటోన్ని, నాకెట్ల కుదురుతది" అనాలె. ఆపరేషనైన ఇంటామె కుట్లు మానకముందే పత్తి ఏరనీకి పోయిన సంగతి ఆ పూట ఎవరూ ఎత్తకుంట చూసుకోవాలె.