16 గంటలేనట!

శంషాబాదు నుంచి డాలస్ విమానాశ్రయానికి సుమారు 14,400 కిలోమీటర్లు, గంటకు 900 చొప్పున 16 గంటలు. అల్లుడు గారు ఫోనులో లెక్క తీసి పంపారు. "ఎంతండీ మావయ్య గారూ, ఓ కునుకు తీస్తే వచ్చేస్తారు" అని పైన ఓ మాట. అల్లుణ్ణి ఏమీ అనకూడదు కనక ఈ ఫిర్యాదు ఆ లెక్క మీద.

అసలు ఆ దారిన పోయే టికెట్టే మాకు లేదు. గ్లోబు మీద దారం పెట్టి బిగలాగి చూశాను. దగ్గర దారి పడమటికి పోనే పోదు. ఇంచుమించు నిట్టనిలువునా ఉత్తరానికి లేచి, ధ్రువాన్ని ఓ 500 కిలోమీటర్ల పక్కగా దాటి, అటువైపు దిగుతుంది. రేఖాంశాల తేడా 175 డిగ్రీలు మరి! శాస్త్రానికి దణ్ణం పెట్టాను. టికెట్టు మాత్రం దుబాయి మీదుగా. అక్కడికి 2,550, అక్కణ్ణుంచి మరో 12,900. వెయ్యి కిలోమీటర్లు చుట్టు. ఆ 16 గంటలూ దుబాయిలో ఎక్కాకే ఖర్చయిపోతాయి.

మేముండేది గుంటూరులో. శంషాబాదు దాకా కారులో అయిదారు గంటలు. విమానానికి మూడు గంటల ముందుండాలని నిబంధన. మా ఆవిడ పంచాంగంలో అది ఆరు. ఇక పెట్టెల సంగతి. ఒక్కోదానికి 23 కిలోలు. వేలాడే కాటాకు తగిలించి నేను రొప్పుతూ ఎత్తి పట్టుకుంటే, ఆవిడ కళ్ళజోడు సర్దుకుని తీరిగ్గా చదివింది: 24.6. గోంగూర పచ్చడి కదలదు, కందిపొడి కదలదు. నా చెప్పులు బయటికొచ్చాయి. మళ్ళీ తూచాం. ఈసారి నా పంచెలు. ఈ పొద్దంతా ఏ వేగంతో భాగించాలో చెప్పేవాడు లేడు.

రోజంతా మేడమెట్లు ఎక్కిదిగే ఆవిడ మోకాళ్ళు విమానాశ్రయం పేరెత్తితే చాలు, పట్టేస్తాయి. తోసే అబ్బాయి ఉంటే ఇంగ్లీషుతో పని లేదని పక్కింటి వదిన గారు చెప్పారట, వీల్‌చైర్ రాయించేసింది. చేతిసంచులతో వెనకాల పరుగు నాది.

గడియారం గొడవ వేరే. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. ఆదివారం వేకువన ఎక్కితే, నడుం విరిగేలా కూర్చున్నాక కూడా దిగేది ఆదివారమే. అంటే మాకు ఆ ఆదివారం 34న్నర గంటలు. విమానం సూర్యుడి వెంటే పడమటికి పరుగెడుతుంది కనక పొద్దు ఓ పట్టాన కుంకదు. తీరా చూస్తే ఆ రోజు ఏకాదశి, ఆవిడకు ఉపవాసం. మర్నాటి పారణ ఏ ఊరి సూర్యోదయం లెక్కన? పురోహితుడు గారికి ఫోన్ చేస్తే కాసేపు పలక్కుండా ఉండి, "ఇంకో రోజుకి టికెట్టు దొరకదాండీ?" అన్నారు. మార్చడానికి ఎంతవుతుందో అల్లుడు గారు చెప్పారు. అది విన్నాక, విమానంలో ఇచ్చే పళ్ళముక్కలు ఉపవాసానికి పనికొస్తాయని ఆవిడే ధర్మనిర్ణయం చేసేసింది.