చెరువు కట్ట మీద శునక వైభోగం

హైదరాబాద్ చెరువులకు ఈమధ్య కొత్త బిరుదు ఒకటి దక్కుతోంది: డాగ్ ఫ్రెండ్లీ. చుట్టూ వాకింగ్ ట్రాక్ వేసి, గ్రిల్ బిగించి, సెల్ఫీల కోసం నిలువెత్తు అక్షరాలు పాతాక ఇంకా ఏదో వెలితిగా తోస్తే ఈ బిరుదు తగిలిస్తారు. పక్కన లేస్తున్న అపార్టుమెంటు బ్రోచర్‌లోకీ అది ఎక్కుతుంది. దాంతో చదరపు అడుగు రేటు కూడా కాస్త తోక ఊపుతుంది.

అసలు చెరువు కట్ట మీద తిరగడానికి కుక్కకు మనం అనుమతి ఇవ్వడమేమిటి? చెరువు తవ్విన నాటి నుంచీ కుక్కలు అక్కడే ఉన్నాయి. గేదెలతో పాటు నీళ్లలో దిగాయి, చాకిరేవు దగ్గర బట్టల మూటల నీడన పడుకున్నాయి. ఏ కరణమూ బోర్డు రాయించలేదు. ఇప్పుడు బోర్డుతో పాటు గేటు వచ్చింది, గేటుకు వాచ్‌మన్ వచ్చాడు, వాచ్‌మన్ చేతికి కర్ర వచ్చింది. ఆ కర్ర ఎవరికోసమంటే, అదే కట్ట మీద పుట్టి పెరిగిన ఊరకుక్క కోసం. మెడలో పట్టా ఉంటే "రండి సార్", లేకపోతే "ఛేయ్, పో". మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్కకు మెడపట్టా ఉందని ఎవరూ చెప్పలేదు. స్వర్గద్వారం దగ్గర ఇంద్రుడు అభ్యంతరం పెట్టాడు గానీ, పాపం, ఆయన కూడా బ్రీడ్ అడగలేదు.

సరే, లోపలికి వెళ్లినవాటి వైభోగం చూద్దాం. ఏప్రిల్ నెల. ట్రాక్ మీద పరిచిన సిమెంటు బిళ్లలు సాయంత్రం ఆరైనా సెగలు కక్కుతూనే ఉంటాయి. వాటి మీద సైబీరియన్ హస్కీ నడుస్తుంటుంది. మంచులో బండి లాగడానికి పుట్టిన జాతి, ఒంటి మీద రెండు పొరల బొచ్చు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దానికున్న ముఖ్యమైన చల్లదనం. ఆ రొప్పుడు చూసి ఓనరు గారు మురిసిపోతారు: "చూడండి, ఎలా నవ్వుతున్నాడో!"

దాని వెనకే పగ్. 2003లో హచ్ మొబైల్ కంపెనీ ప్రకటనలో ఒక పగ్ కుర్రాడి వెంట నడిచింది. అప్పటి నుంచి దేశమంతా పగ్‌ల వెంట పడింది. చప్పిడి ముక్కుతో గాలి పీల్చడమే దానికి పెద్ద పని, ఆ పైన ఎండలో చెరువు ప్రదక్షిణ! కొందరు దయాళువులు దాన్ని పిల్లల బండిలో కూర్చోబెట్టి తోసుకెళ్తారు. వాకింగ్ ట్రాక్ మీద వాకింగ్ చేసేవి బండి చక్రాలు.

నడక విషయంలోనూ కుక్కకూ మనిషికీ కుదరదు. కుక్క ముక్కుతో నడుస్తుంది. ప్రతి స్తంభం దగ్గరా ఆగి, ముందు ఎవరొచ్చి వెళ్లారో వాసన పట్టడమే దానికి పార్కు. ఓనరుకేమో వాచీలో పదివేల అడుగులు పూర్తవ్వాలి. అందుకే అది ముక్కు పెట్టిన ప్రతిచోటా మెడ దగ్గర ఒక గుంజు, పైన "కమ్ బేబీ, కమ్" అని ఇంగ్లీషులో ఒక బుజ్జగింపు. చాలా ఇళ్లలో ఆ గుంజే బాధ్యత కూడా పనికుర్రాడిదే. అయ్యగారు వచ్చేది ఆదివారం, ఫొటో కోసం.

ఇక అసలు ఘట్టం. కుక్క గుండ్రంగా రెండు చుట్లు తిరిగి కూర్చున్న క్షణంలో ఓనరుకు హఠాత్తుగా ప్రకృతి ప్రేమ పుట్టుకొస్తుంది. ఆకాశం చూస్తాడు, కొంగల్ని చూస్తాడు, ఫోన్ చూస్తాడు. కింద తప్ప అన్నిచోట్లా చూస్తాడు. ఎవరైనా అడిగితే "ఎరువే కదండీ" అంటాడు. ఆవుపేడ మీద మనకున్న భక్తిని ఇలా వాడుకోవడం అన్యాయం. మాంసం తినే కుక్క మలంలో ఏలికపాముల, కొంకిపురుగుల గుడ్లుండొచ్చు. మట్టిలో కలిసి, చెప్పుల్లేకుండా ఆడుకునే పిల్లల దాకా వస్తాయి. వాన పడితే అదంతా చెరువులోకే. గుర్రపుడెక్కకు మాత్రం అది నిజంగానే ఎరువు.

అయితే న్యాయంగా మాట్లాడాలి. చెరువును చంపుతున్నది కుక్క కాదు. నాలాల్లో వచ్చి కలిసే మురుగు మనదే. మురుగుతో బలిసిన నీళ్లలో ఎండాకాలం పచ్చటి రంగు తేలినట్టు నాచు పేరుకుంటుంది. దాన్లో కొన్ని రకాల విషం, ఆ నీళ్లు తాగిన కుక్కను గంటల్లో చంపేయగలదు. ఎలుకల మూత్రం కలిసిన నిల్వనీటితో లెప్టోస్పైరోసిస్ వస్తుంది, కుక్కకే కాదు, మనిషికీ. హుస్సేన్‌సాగర్‌ను 1562 ప్రాంతంలో కట్టించింది నీళ్ల కోసం. దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీళ్లిచ్చిందని చెప్పుకుంటాం. 2020లో దాని మీద తీగల వంతెన వేసి రంగురంగుల దీపాలు పెట్టాం. కింది నీళ్లు తాగమని మాత్రం కుక్కకు కూడా చెప్పలేం.

జీహెచ్‌ఎంసీ 2018లో కొండాపూర్‌లో చెత్త పోసే స్థలాన్ని బాగుచేసి, సుమారు 1.3 ఎకరాల్లో కుక్కలకే ప్రత్యేకంగా పార్కు కట్టింది. మంచి పనే. అందులో అవి నీళ్లలో ఆడుకోవడానికి చిన్న కొలను కూడా కట్టారు. చెరువుల నగరంలో కుక్క ఈత కొట్టాలంటే సిమెంటు తొట్టి కావలసి వచ్చింది!

కుక్క మాట అలా ఉంచి, చెరువు నీళ్లు మనిషి స్నానానికి పనికి రావాలంటే లీటరుకు కరిగిన ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, నీళ్లలోని మురికి కుళ్లడానికి ఖర్చయ్యే ఆక్సిజన్ (బీవోడీ) 3 మిల్లీగ్రాములు మించకూడదు. ఇది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన లెక్క. కాబట్టి పార్కులు కట్టే అయ్యలకు ఒక మనవి. డాగ్ ఫ్రెండ్లీ బోర్డు పక్కనే ఇంకో బోర్డు పెట్టించండి. ఈ నెల చెరువు నీళ్లలో ఆ రెండు అంకెలూ ఎంతున్నాయో దాని మీద రాయించండి. రాయడానికి సిగ్గేస్తే మొదటి బోర్డు పీకేయండి.